మాటకు గిట్టుబాటు ధర

పాడ్‌కాస్ట్ మీద బతకొచ్చా అని నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊళ్లు మాత్రం ఇస్తున్నాం.

ప్రశ్న: రొయ్యల సాగు మీద వారానికో ఎపిసోడ్ చేస్తున్నాను. ఇరవై నిమిషాలు, ఆడియో మాత్రమే. 26 అయ్యాయి. ఒక్కోదాన్ని 700 మంది దాకా వింటున్నారు. ఇంతవరకూ రూపాయి రాలేదు. ఎన్ని వేల మంది అయితే యాడ్లు వస్తాయండీ? (అల్లూరు)

జవాబు: ఎన్ని వేలు అనే ప్రశ్నలోనే తిరకాసుంది. వెయ్యి డౌన్‌లోడ్లకు ఇంత అని రేటు కట్టే యాడ్లు లక్షల్లో వినేవాళ్లున్న కార్యక్రమాలకు పనికొస్తాయి. వెయ్యికి 300 రూపాయలు ఇచ్చారనుకున్నా మీ 700 మందికి ఎపిసోడ్‌కు 210, నెలకు 840. కరెంటు పోయిన రాత్రి గట్టు మీద జనరేటరుకు పోసే డీజిలుకు సరి.

అదే 700 మందికి ఒక్కొక్కరికీ రెండెకరాలో పదెకరాలో రొయ్యల గుంటలున్నాయంటే సంగతి వేరు. సీడు (రొయ్య పిల్లలు), మేత, మినరల్స్, ఏరియేటర్లు (గుంట నీటికి గాలి అందించే యంత్రాలు), నీటి పరీక్షలు అన్నీ కొనేవాళ్లు వాళ్లే. వాళ్లు ఎవరో మీరు కాగితం మీద చూపించగలిగితే అదే మీ సరుకు. వరసగా రెండు ఎపిసోడ్ల చివర మూడే ప్రశ్నలు అడగండి: ఏ ఊరు, ఎన్ని ఎకరాలు, ఏ నెలలో సీడు వేస్తారు. ఫారం లింకు ఇస్తే రైతులు తెరవరు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమంటే పెడతారు. అరవై డెబ్బై మంది చెప్పినా చాలు. పేర్లు, ఫోన్ నంబర్లు బయటపెట్టకుండా, మండలాల వారీగా ఎకరాలు, సీడు వేసే నెలలు ఒక పేజీలో రాసుకోండి. దాన్ని పట్టుకుని హేచరీలు (సీడు తయారుచేసేచోట్లు), ల్యాబులు, ఏరియేటర్ షాపులు, మేత డీలర్ల దగ్గరికి వెళ్లండి. ఫ్లెక్సీలకూ క్యాలెండర్లకూ వాళ్లు ఎలాగూ ఖర్చు పెడుతున్నారు.

ఎపిసోడ్‌కు ఇంత అని అమ్మకండి, పంటకు ఇంత అని అమ్మండి. వనామి రకం రొయ్య పంట మూడు నాలుగు నెలలు నడుస్తుంది కాబట్టి అందులో మీ ఎపిసోడ్లు ఓ పదహారు పడతాయి. ధర చెప్పే ముందు డీలర్‌ని ఒక్క మాట అడగండి: ‘‘కొత్త రైతు ఒకరు మీ దగ్గరికి వస్తే పంటకు మీకు ఎంత మిగులుతుంది?’’ నాలుగు వేలు అన్నాడనుకోండి, ముగ్గురొస్తే అతనికి పన్నెండు వేలు. ఆ పన్నెండు వేలే మీ ధర. సగం ముందు, మిగతా సగం ఎనిమిదో ఎపిసోడ్ వచ్చిన రోజు. సరుకుకు ఒక్కరే ప్రాయోజకుడు ఉండాలి, ఇద్దరు మేత డీలర్లను ఒకే పంటలో పెట్టకండి. ఒకరికొకరు పోటీ కాని ముగ్గురు దొరికితే పంటకు 36 వేలు, నెలకు తొమ్మిది వేలు. దాంతో ఇల్లు గడవదు. అయినా 840 కన్నా నయం కదా.

రెండో పంటకు బేరం ఎక్కడ చెడుతుందో కూడా చూసుకోండి. ‘‘మీ మాట విని ఎవరూ రాలేదు’’ అంటాడు డీలరు. వచ్చే ఉంటారు, కౌంటర్లో కుర్రాడు అడిగి ఉండడు. అందుకే ప్రతి ప్రాయోజకుడికీ ఒక గుర్తుమాట పెట్టి, అది చెప్పినవాళ్లకు పరీక్ష మీదో రవాణా మీదో చిన్న తగ్గింపు ఇప్పించండి. షాపులో ఒక నోటుబుక్కు, దారం కట్టిన పెన్ను మీరే పెట్టి రండి. పదిహేను రోజులకోసారి వెళ్లి పేజీ ఫోటో తీసుకోండి. చూడ్డానికి చాదస్తంగా ఉంటుంది గానీ, రెండో పంటకు ధర పెంచమని అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే.

ప్రకటన 40 సెకన్లు, సుమారు 70 మాటలు, మీ గొంతుతోనే చదవండి. ఎక్కడ పెట్టాలో స్పాటిఫై డ్యాష్‌బోర్డులో వినికిడి గీత చెబుతుంది. ఏ నిమిషం దగ్గర జనం జారుకుంటున్నారో చూసి, దానికి ముందే పెట్టండి. ఇది డబ్బు తీసుకుని చెబుతున్న మాట అని ఎపిసోడ్ మొదట్లో, చివర కూడా పలకాలి. ఆడియోలో అలాగే చెప్పాలని ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

మందుల విషయంలో మొహమాటం వద్దు. తెల్లమచ్చ వైరస్‌కు మందు లేదు. ఉందని అమ్మేవాడి డబ్బు ముట్టుకోకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయోటిక్‌లు రొయ్యల సాగులో నిషేధం. వాటి అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది, కొనుగోలుదారులు ఆ ప్రాంతం రొయ్యనే అనుమానిస్తారు. డబ్బా మీద ఏమేం కలిపారో రాయని మందు ప్రకటన చదవనని ఒప్పందంలోనే రాసుకోండి.

ప్రశ్న: ఆడియో యాప్‌లలో పెట్టినదాన్నే యూట్యూబ్‌లోనూ పెడుతున్నాను. సబ్‌స్క్రైబర్లు 1000 దాటారు, గంటలు మాత్రం నిండటం లేదు. షార్ట్స్ బాగానే పోతున్నాయి. ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి? (ఒంగోలు)

జవాబు: యాడ్ల డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, ఏడాదిలో జనం మీ వీడియోలు చూసిన సమయం 4000 గంటలు ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4000 గంటల్లో కలవదు. చాలామంది బోర్లాపడేది ఇక్కడే. షార్ట్స్‌తోనే అర్హత కావాలంటే 90 రోజుల్లో కోటి వీక్షణలు ఉండాలి. మీకు గంటల దారే మేలు. అరగంట ఎపిసోడ్‌ను ఒక్కొక్కరు సగటున 9 నిమిషాలు చూస్తున్నారనుకుందాం. 4000 గంటలంటే 2,40,000 నిమిషాలు, అంటే సుమారు 26,700 వీక్షణలు. ఏడాదిలో 52 ఎపిసోడ్లు పెడితే ఒక్కోదానికి 513. అందని సంఖ్యేమీ కాదు. సగటు 9 నుంచి 12 నిమిషాలకు పెరిగితే 385 చాలు. కొత్త జనం కోసం పరిగెత్తడం కన్నా మొదటి రెండు నిమిషాల ఊకదంపుడు కోసేయడం తేలిక.

ఈలోగా ఒక మెట్టు కింద ఆగొచ్చు. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో 3 వీడియోలు, ఏడాదిలో 3000 గంటలు ఉంటే సభ్యత్వాలు, సూపర్ థ్యాంక్స్ (చూసేవాళ్లు మెచ్చి ఇచ్చే డబ్బు) తెరుచుకుంటాయి. వీడియోలో వచ్చే ప్రకటనల డబ్బులో మీ వాటా 55 శాతం, సభ్యత్వాల్లో 70 శాతం.

సిద్ధం చేసుకోవాల్సిన వాటిలో మొదటిది పేరు. మన వైపు ఇంటిపేరు పాన్ కార్డులో పూర్తిగా, బ్యాంకులో పొట్టి అక్షరంగా, ఆధార్‌లో వెనకెక్కడో ఉంటుంది. యాడ్‌సెన్స్‌లో (యూట్యూబ్ డబ్బు మీకు చేర్చే గూగుల్ ఖాతా), బ్యాంకులో, పాన్‌లో పేరు ఒకేలా ఉండేట్టు ఇప్పుడే సరిచేయించండి. రెండోది చిరునామా. పది డాలర్లు చేరగానే పిన్ నంబరున్న కార్డు పోస్టులో పంపిస్తారు. ఇంటి నంబరు సరిగా లేకపోతే వీధి, గుర్తు, మండలం రాసి, పోస్ట్‌మ్యాన్‌కు ఓ మాట చెప్పి ఉంచండి. నాలుగు నెలల్లో ఆ పిన్ ఎక్కించకపోతే ప్రకటనలు ఆపేస్తారు. కార్డు రాకపోతే మళ్లీ పంపమనొచ్చు, అప్పటికీ రాకపోతే గుర్తింపు కార్డుతో పని జరుగుతుంది. మూడోది స్విఫ్ట్ కోడ్, విదేశీ డబ్బు అందుకోవడానికి బ్యాంకుకు ఉండే గుర్తు. డబ్బు వంద డాలర్లు నిండాకే విదేశం నుంచి వస్తుంది. చిన్న బ్రాంచీలకు ఆ కోడ్ ఉండదు, ఏ బ్రాంచి కోడ్ ఇవ్వాలో మీ బ్యాంకునే అడగండి.

నాలుగోది అమెరికా పన్ను ఫారం, డబ్ల్యూ-8 బెన్. ‘‘మనకెందుకులే’’ అని వదిలేస్తే ప్రపంచం మొత్తం మీద వచ్చిన ఆదాయంలోంచి 24 శాతం దాకా కోసేయొచ్చు. పాన్ నంబరిచ్చి, భారత్-అమెరికా పన్ను ఒప్పందం ఎంచుకుంటే అమెరికాలో చూసినవాళ్ల వల్ల వచ్చిన భాగం మీద మాత్రమే 15 శాతం పోతుంది. తెలుగు కార్యక్రమాలకు అమెరికాలో చూసేవాళ్లు బాగానే ఉంటారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ప్రశ్న: పాత కథలు చదివి వినిపిస్తున్నాను. మధ్యలో పాత సినిమా పాట ఇరవై సెకన్లే వేస్తాను. ముప్పై సెకన్ల లోపు తప్పులేదన్నారు. అయినా యూట్యూబ్‌లో డబ్బులు మాకు రావడం లేదు. ఎందుకమ్మా? (కందుకూరు పాఠకురాలు)

జవాబు: ముప్పై సెకన్ల నియమం ఏ చట్టంలోనూ లేదమ్మా. ఎవరో పుట్టించిన మాట. యూట్యూబ్ కంటెంట్ ఐడీ పాటను గుర్తుపట్టి, ఆ వీడియో ఆదాయాన్ని పాట హక్కుదారు వైపు మళ్లించింది. దాన్ని క్లెయిమ్ అంటారు, దానివల్ల ఛానెల్ పోదు. స్ట్రైక్ వేరు, అది హక్కుదారు ఫిర్యాదు చేసి వీడియోనే తీయిస్తే పడేది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది. యూట్యూబ్ స్టూడియోలో ఆ పాట ముక్కను కోసే సౌకర్యం ఉంది. అలా తీసేస్తే వీడియో అలాగే ఉంటుంది, క్లెయిమ్ పోతుంది.

కథల విషయం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. రచయిత పోయిన తర్వాతి సంవత్సరం జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టండి. 1960లో పోయినవారి రచనలు 2021 జనవరి 1 నుంచి అందరివీ. ఆ తర్వాత పోయినవారివైతే ఏటా ఒక్కో సంవత్సరం జరుగుతుంది. గడువు తీరని కథకు అనుమతి పత్రం కావాలి. అందులో కథ పేరు, ఆడియో హక్కు మాత్రమేనా వీడియో కూడానా, ఏ వేదికలు, ఎన్నేళ్లు, వచ్చే ఆదాయంలో వాటా ఎంత అన్నవి ఉండాలి. రచయిత లేకపోతే వారసులందరి సంతకాలూ తీసుకోండి. పెద్దకొడుకు ఒక్కడే సంతకం పెట్టిన పత్రం మీద చెల్లెలు అభ్యంతరం చెబితే యాభై ఎపిసోడ్లు తీసేయాల్సి వస్తుంది.

సంగీతానికి ఊళ్లో నాదస్వరం వాయించేవారినో వేణువు వాయించేవారినో పిలిచి ఓ పది నిమిషాలు వాయింపించుకోండి. డబ్బిచ్చి, ‘ఈ రికార్డింగు నా కార్యక్రమానికి అన్ని వేదికల్లో వాడుకోవచ్చు’ అని రాయించుకోండి. జానపదం ఊరందరిదీ అయినా, పాడిన గొంతు మీద పాడినవారికి హక్కుంటుంది. ఆ కాగితం లేకుండా వాడకండి.

ప్రశ్న: ఒక గేమ్ యాప్‌వాళ్లు ఎపిసోడ్‌కు 40 వేలు ఇస్తామంటున్నారు. బెట్టింగ్ కాదు, ‘నైపుణ్యం’ అంటున్నారు. చేయొచ్చా? (నెల్లూరు)

జవాబు: డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆట అయితే దానికి ఏ పేరు పెట్టినా వద్దు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యం, అదృష్టం అని తేడా చూడలేదు. ప్రకటన చేసినవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వాళ్లు పంపిన మెసేజ్‌లకు బదులు కూడా ఇవ్వకండి.

ప్రశ్న: పొగాకు రైతుల కోసం వేలం ధరలు, బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) పనుల మీద చెబుతుంటాను. సిగరెట్ కంపెనీ నుంచి ప్రాయోజకత్వం తీసుకోవచ్చా? (టంగుటూరు)

జవాబు: సిగరెట్లు, పొగాకు ఉత్పత్తుల ప్రకటనలను 2003 చట్టం నిషేధించింది. కాబట్టి అది కుదరదు. పంట గురించి, ధరల గురించి మాట్లాడటానికి అడ్డులేదు. ఎరువులు, డ్రిప్పు, టార్పాలిన్లు, బ్యారన్ మరమ్మతు సామాను అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లండి. అల్లూరు పాఠకుడికి చెప్పిన లెక్కే మీకూ పనికొస్తుంది. పంటకాలం బదులు వేలం సీజను పెట్టుకోండి.

ప్రశ్న: నెల్లూరు యాసలో ఊరి కబుర్లు చెబుతుంటాం. వినేవాళ్లలో సగం మంది బెంగళూరు, హైదరాబాద్, అమెరికాలో ఉన్నారు. నెలకు 99 రూపాయల సభ్యత్వం పెడితే నడుస్తుందా? (నెల్లూరు)

జవాబు: నడుస్తుంది. కాకపోతే నెలవారీ కన్నా ఏడాదిది ముందు పెట్టండి. 120 మంది 99 చొప్పున కడితే 11,880. పేమెంట్ గేట్‌వే 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 280 పోతే చేతికి 11,600. మొదటి నెల సరే. యూపీఐ ఆటోపేలో డబ్బు లాగడానికి 24 గంటల ముందు సందేశం వెళ్తుంది, అది చూసి కొందరు రద్దు చేస్తారు. ఖాతాలో డబ్బు లేక మరికొందరివి ఆగిపోతాయి. వాళ్లకు కోపమేమీ ఉండదు, మళ్లీ కట్టడం మరిచిపోతారంతే. ఏడాదికి 999 ఒక్కసారి కట్టించుకుంటే ఈ జారుడు ఉండదు. ఆగిపోయినవాళ్లకు మూడో రోజున మీ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పంపండి, లింకు దానికింద పెట్టండి.

సభ్యులకు ఏమివ్వాలి అన్నచోట చాలామంది అదనపు ఎపిసోడ్లు ఇస్తామని మాటిచ్చి మూడో నెలకే అలసిపోతారు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు కావాల్సింది ఊళ్లో తమ పేరు వినపడటం. రొట్టెల పండుగ రోజు స్వర్ణాల చెరువు గట్టు మీద నుంచి అరగంట లైవ్ పెట్టి, సభ్యుల పేర్లు, వాళ్ల వీధుల పేర్లు చదవండి. ఖర్చు లేదు, రికార్డింగు కష్టం లేదు. మలై కాజా పార్సిల్ పంపుదాం అని మాత్రం అనుకోకండి. పాకం కారుతుంది, తినుబండారాలు అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ కావాలి, పార్సిల్ ఖర్చు 999లో సగం తినేస్తుంది.

అమెరికా వాళ్లను యూట్యూబ్ సభ్యత్వానికి పంపండి. 30 శాతం పోయినా కార్డుల తలనొప్పి ఉండదు. ‘విరాళం ఇవ్వండి’ అనే మాట ఎక్కడా రాయకండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చే విరాళం విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. వార్తలు, వర్తమాన వ్యవహారాలు చెప్పేవాళ్లు దాన్ని అసలు తీసుకోకూడదు. ఫలానా సేవకు సభ్యత్వ రుసుము అని రాసి, రశీదు ఇవ్వండి.

ప్రశ్న: ఒక సంస్థకు ఆరు ఎపిసోడ్లు చేసి ఐదు నెలలైంది. బిల్లు అడిగితే వచ్చే వారం అంటున్నారు. ఇచ్చిన దాంట్లోనూ పది శాతం కోసుకున్నారు. ఇది న్యాయమేనా? (కావలి)

జవాబు: పది శాతం కోత టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లు ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను అయి ఉంటుంది. అది మీ డబ్బే. మీ పాన్ మీద జమ అయిందో లేదో ఫారం 26 ఏఎస్‌లో చూసుకోండి. జమ అయితే రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కోసి కట్టకపోతే అది వాళ్ల తప్పు, రాతపూర్వకంగా అడగండి. డబ్బు బదులు ఫోనో మైకో ఇచ్చినా, ఏడాదిలో ఒక్కరి నుంచి 20 వేలు దాటితే దాని మీదా పది శాతం పన్ను ఉంటుందని గుర్తుంచుకోండి. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఆలస్యానికి మందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. డబ్బులడిగే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కించకండి. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదైనవారికి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా చేయొచ్చు. అయితే పని చేసేనాటికే నమోదై ఉండటం మేలు, పాత బాకీకి ఇప్పుడు రిజిస్టర్ చేస్తే లాభం ఉంటుందని గట్టిగా చెప్పలేం. ఇక మీద ఇన్‌వాయిస్ అడుగున ఉద్యమ్ నంబరు అచ్చువేయండి. అది కనపడితే అకౌంట్స్ వాళ్లు ఫైలు పైకి తీస్తారు.

ప్రశ్న: గ్రానైట్ ఆఫీసులో 22 వేల జీతం. పాడ్‌కాస్ట్ మీద తొమ్మిది వేలొస్తున్నాయి. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులో దిగొచ్చా? వెనక కటింగ్ మిషన్ల రొద కూడా వస్తోంది. (చీమకుర్తి)

జవాబు: ఇప్పుడే వద్దు. వారానికి ఎన్ని గంటలు పెడుతున్నారో రాయండి. విషయం చూసుకోవడానికి 4, రికార్డింగుకు 2, ఎడిటింగుకు 5, క్లిప్పులూ పోస్టర్లూ 2, ప్రాయోజకుల చుట్టూ తిరగడానికి 3 అనుకుంటే పదహారు. నెలకు 64 గంటలకు తొమ్మిది వేలంటే గంటకు 140. ఉద్యోగం మానితే మిగిలే గంటలను ఎవరు కొంటారన్నది తేల్చుకోవాలి.

ఎక్కువమంది సొంత పాడ్‌కాస్ట్ మీద కన్నా, దాన్ని చూపించి ఇతరులకు చేసిపెట్టే పని మీద బతుకుతున్నారు. ఆసుపత్రి డాక్టర్ల మాటలు, కోచింగ్ సెంటర్ పాఠాలు, కంపెనీ వాళ్ల ముచ్చట్లు రికార్డు చేసి, కోసి, ఎక్కించి ఇవ్వడం. గంట ముడి రికార్డింగును శుభ్రం చేయడానికి నాలుగు గంటలు పడుతుందని కట్టుకుని ధర చెప్పండి. అరగంట ఎపిసోడ్‌కు నాలుగు వేలు, నెలకు నాలుగు అంటే ఒక్కో ఖాతాదారుకు పదహారు వేలు. ఇందులో దెబ్బతినేది సవరణల దగ్గర. ‘రెండు సవరణలు ధరలోనే, మూడో దానికి 500. మూడు రోజుల్లో జవాబు లేకపోతే అంగీకరించినట్టే’ అని రాసుకోండి. ముడి ఫైళ్లు మూడు నెలలే ఉంచుతానని కూడా చెప్పండి. అలాంటి ఇద్దరు ఖాతాదారులు ఆరు నెలలు వరసగా డబ్బు కట్టాక రాజీనామా ఆలోచించండి.

రొదకు కొత్త సాఫ్ట్‌వేర్ కొనకండి. అదే పనిగా రొదను తీసేయిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. డైనమిక్ మైకు తీసుకోండి, నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కగా పెట్టండి. కండెన్సర్ మైకు ఎంత ఖరీదైనదైనా పక్క వీధి మిషన్ను కూడా వినిపిస్తుంది. బట్టల బీరువా తెరిచి దానికి ఎదురుగా కూర్చోండి, ఎదురు గోడకు బొంత వేలాడదీయండి. ఫ్యాను ఆపండి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మాట్లాడే ముందు పది సెకన్లు ఊరికే రికార్డు చేయండి, తర్వాత రొద తగ్గించేటప్పుడు ఆ నమూనా కావాలి. చివరి ఫైలు ధ్వని స్టీరియో అయితే మైనస్ 16, మోనో అయితే మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ధ్వని ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గర ఉంచండి. ఒకరే మాట్లాడే కార్యక్రమానికి మోనో 64 కేబీపీఎస్ చాలు, అరగంట 14 ఎంబీలో సరిపోతుంది. గుంట గట్టు మీదో క్వారీ దగ్గరో సిగ్నల్ సరిగా లేనివాడికి కూడా దిగుతుంది.